పరిగె ఏరిన రాజు

అనగనగా, నెలకు మూడు వానలు తప్పకుండా కురిసే రోజుల్లో, తేనెవాగు అనే రాజ్యం ఉండేది. అక్కడ వరి విరగపండేది. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులను సొంతదారులు ముట్టుకునేవారు కాదు. అవి దేవుడి వాటా. లేనివాళ్లు వచ్చి ఆ పరిగె ఏరుకునేవారు. రాజుగారి పొలంలోనూ అంతే. అది తాతల నాటి ఆచారం.

రాజుగారి పొలంలోని ఆ పరిగె మీదే దీనమ్మ అనే అవ్వ బతికేది. ఆమెకు పొలమూ లేదు, పిల్లలూ లేరు. ఉన్నదల్లా ఒక మట్టి కాగు, ఒక నవ్వు మొహం. కోతల నెలలో ఆ కాగు గింజలతో నిండితే వానాకాలం గడుస్తుంది. నిండకపోతే గడవదు. అయినా దీనమ్మ పాడుకుంటూనే ఏరేది. "నడుము వంగింది కాబట్టే నేల మీది గింజ నాకు ముందు కనపడుతుంది" అని అందరినీ నవ్వించేది.

ఇలా ఉండగా ఉత్తుంగవర్మ రాజయ్యాడు. పేరుకు తగ్గట్టు తల ఎత్తుకునే నడిచేవాడు. కాలి కింద పేడ ఉన్నా ఆయనకు కనపడేది కాదు. ప్రార్థన మందిరంలో అందరూ మోకాళ్లూనితే ఆయన ఒక్కడూ నిలబడే ఉండేవాడు. "రాజు మోకాలు వంగితే రాజ్యం వంగినట్టే" అనేవాడు.

ఆ ఏడు కోతలకు ముందు రాజు కొలువులో ఒక ఆజ్ఞ వేశాడు.

"నా పొలం నాది. నా విత్తనం నాది. మధ్యలో దేవుడి వాటా ఏమిటి? రాలిన గింజ నేలలో కుళ్లినా సరే, కోతలయ్యాక నా పొలంలో నేను తప్ప ఎవరు నడుం వంచినా రాజ్యం విడిచి పోవలసిందే."

"ప్రభూ, ఆ పైరుకు వాన పంపినవాడు..." అని ముసలి మంత్రి నసిగాడు.

"వాన నా పొలంలో పడింది. కాబట్టి అదీ నాదే" అన్నాడు రాజు. అని, ఆజ్ఞ మీద తన ఉంగరంతో ముద్ర గుద్దాడు. ఆ ఉంగరంతో ముద్ర వేసిన ఆజ్ఞను మళ్లీ ఆ ఉంగరంతోనే రద్దు చెయ్యాలి. వేరే దారి లేదు. అది ఆ రాజ్యపు కట్టుబాటు.

ఊరూరా చాటింపు వేశారు. ఆ రోజు దీనమ్మ పాడలేదు. ఖాళీ కాగు మీద చెయ్యి వేసి కూర్చుంది. "దేవా, నీ వాటా పోయింది, నా వాటా పోయింది. ఇద్దరికీ ఒకేసారి అన్యాయం జరిగింది. న్యాయం తెలిసినవాడివి నువ్వే కదా, చూసుకో" అంది. ఆమెకు ఏడుపు వచ్చింది కానీ భయం వెయ్యలేదు.

కోతలు ముగిశాయి. పంట పండగ వచ్చింది. ఆ రోజు పొద్దు గూకేలోగా రాజు కల్లం దగ్గర నిలబడి ప్రజలకు ముద్ర ఉంగరం చూపించాలి. చూపించలేనివాడు ఆ మరునాడు రాజు కాడు.

ఉత్తుంగవర్మ ఏనుగెక్కి, కోసిన తన చేనుకు అడ్డంగా కల్లానికి బయలుదేరాడు. చేను నిండా వెన్నులు రాలి ఉన్నాయి. గట్టు మీద పేదలు బారులు తీరి నిలబడి ఉన్నారు. వాళ్లను చూడగానే రాజుకు మహా ఉత్సాహం వచ్చింది.

"చూడండి. ఈ చేతిలోంచి దేవుడైనా ఒక్క గింజ లాక్కోలేడు" అంటూ చెయ్యి గట్టిగా విసిరాడు.

గింజ మాటేమో గాని, ఉంగరం ఊడి ఎగిరి చేలో పడింది.

"వెతకండి" అని రాజు కేక పెట్టాడు. సేనాపతి సగం వంగాడు. వంగినవాడు ఠక్కున లేచాడు. "వంగితే దేశం విడిచి పోవాలి కదా ప్రభూ" అన్నాడు.

"ఆ ఆజ్ఞ రద్దు."

"అలాగే ప్రభూ" అన్నాడు మంత్రి వినయంగా. "ముద్ర వెయ్యండి."

రాజు ఖాళీ వేలు చూసుకున్నాడు.

గట్టు మీద దీనమ్మ పక్కనున్న సంతోషమ్మ అనే పడుచు గుసగుసలాడింది. "నోరు మెదపకు అవ్వా. పొద్దు గూకిందంటే మనకు పీడ విరగడవుతుంది."

"తీర్పు చెప్పడానికి పైన ఒకాయన ఉన్నాడే పిల్లా. కళ్లారా చూసింది చెప్పకుండా దాస్తే నేనూ దొంగనే అవుతాను" అని దీనమ్మ ముందుకొచ్చింది. "మహారాజా, మీ ఉంగరం అదిగో, ఆ ఎండ్రకాయ బొరియ దగ్గర పడింది. నేను వంగకూడదు. మీ ఆజ్ఞ ప్రకారం మీరొక్కరే వంగాలి."

రాజు ముందు ఏనుగు మీద నుంచే చూశాడు. గడ్డి తప్ప ఏమీ కనపడలేదు. తరువాత దిగి, నిటారుగా నిలబడి కత్తితో గెలికాడు. గడ్డి తెగింది, ఉంగరం దొరకలేదు. పొద్దు తాటిచెట్ల దాకా దిగింది.

"నాయనా, కత్తి కాదు, మోకాలు కావాలి" అంది దీనమ్మ మెల్లగా.

మూడోసారి ఉత్తుంగవర్మ మోకాళ్ల మీద కూలబడ్డాడు. కిరీటం జారి మట్టిలో పడింది.

"ముందు పైనున్న వెన్నులు ఏరి పక్కన పెట్టండి. అడుగున ఉన్నది అప్పుడు కనపడుతుంది."

రాజు ఒక్కొక్క వెన్నూ ఏరి ఉత్తరీయంలో వేసుకున్నాడు. నడుము పట్టేసింది. "అవ్వా, రోజంతా ఇలాగేనా మీకు?" అని అడిగాడు.

"నెలంతా నాయనా."

రాజు మిగిలిన వెన్నులూ ఏరితే, బొరియలో ఉంగరం మెరిసింది. బొరియలో వేలు పెట్టాడు. ఎండ్రకాయ ఒక్క నొక్కు నొక్కింది. అబ్బా అని లాగితే, వేలితో పాటు ఉంగరమూ బయటికొచ్చింది. పొద్దు ఇంకా బెత్తెడు మిగిలే ఉంది.

ఉంగరం దొరికినా రాజు లేవలేదు. ఎన్నడూ వంగని తల వంచాడు. "దేవా, పొలం నీది. వానా నీదే. నేను నీ పాలేరును" అన్నాడు. అక్కడే, ఆ మట్టిలోనే, పాత ఆజ్ఞను రద్దు చేస్తూ ముద్ర వేశాడు. తరువాత ఉత్తరీయం తెచ్చి దీనమ్మ ఒడిలో గుమ్మరించాడు. "అవ్వా, ఇది నేనిచ్చేది కాదు. దేవుడి వాటా. ఏరింది మాత్రం నేను."

దీనమ్మ వెన్నులు చేత్తో కలియదిప్పి చూసింది. "బాగానే ఏరావు నాయనా. గింజ కంటే గడ్డే ఎక్కువ. వచ్చే ఏడు నేర్పిస్తాలే" అంది. అందరికంటే ముందు నవ్వింది రాజే.

అంతే, గట్టు మీది జనం పాట ఎత్తుకుని చేలోకి దిగారు. పొద్దు గూకేలోగా రాజు కల్లం దగ్గర ఉంగరం చూపించాడు. దీనమ్మ కాగు నిండింది. అది మొదలు తేనెవాగులో ఏటా తొలి పరిగె రాజే ఏరేవాడు, మోకాళ్ల మీద, దీనమ్మ చేత చీవాట్లు తింటూ.

మిడిసిపడే మెడను దేవుడి న్యాయం ఏదో ఒకనాడు వంచక మానదు. తనంతట తాను వంగడం తెలిసినవాడికి మాత్రం ఆ రోజు పండగ రోజు.