జెట్టీల నిజం కుస్తీ

ఒకానొక రాజ్యంలో, అది ఏ రాజ్యమో చెబితే ఆ వంశంవాళ్లకు ఇప్పటికీ కోపం వస్తుంది గనుక పేరు వదిలేస్తున్నాను, రణధీరవర్మ అనే రాజు ఉండేవాడు. పేరుకు రణధీరుడే గాని ఆయన కాలంలో యుద్ధమన్నదే రాలేదు. వానలు కురిసేవి, పంటలు పండేవి, రాజుగారికి ఏ లోటూ లేదు. అసూయ మాత్రం దండిగా ఉండేది. మంత్రిగారి తోటలో మామిడి విరగకాసిందని వింటే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

అందరికంటే ఎక్కువగా ఆయన కుళ్లుకున్నది సింగజెట్టిని చూసి. జెట్టి అంటే కుస్తీలు పట్టే మల్లుడు. ఏటా విజయదశమి నాడు కోట ముందు ఎర్రమట్టితో గోదా సిద్ధం చేసి కుస్తీ పెట్టించడం ఆ రాజ్యంలో ఆచారం. ఒకవైపు సింగజెట్టి, ఇంకోవైపు బైరిజెట్టి. బైరిజెట్టి మీసాలు మెలేస్తూ, జనాన్ని నానా మాటలూ అంటూ దిగేవాడు. కుస్తీ మధ్యలో గుప్పెడు మట్టి తీసి సింగజెట్టి కళ్లలో కొట్టేవాడు. ముసలమ్మలు "వీడి చేతులు పడిపోను" అని మెటికలు విరిచేవాళ్లు. సింగజెట్టి కుప్పకూలేవాడు. ఇక వీడి పని అయిపోయిందని అందరూ ఉసూరుమనేసరికి మోకాళ్ల మీద లేచి, బైరిజెట్టిని అమాంతం ఎత్తి అవతల పారేసేవాడు. అప్పుడు పుట్టే కేకకు బురుజు మీది పావురాలు ఎగిరిపోయేవి. తలపాగాలు గాల్లోకి లేచేవి.

అదే జనం, అదే రోజు, రాజుగారు ఏనుగు మీద వచ్చినప్పుడు కూడా కేక వేసేవాళ్లు. ముందు నడిచే వంది బిరుదులు చదవగానే లేచి నిలబడి "జయము, జయము" అనేవాళ్లు. అనేసి కూర్చుని వక్కలు నమిలేవాళ్లు. ఆ కేకకూ ఈ కేకకూ ఉన్న తేడా రాజుగారి చెవికి ఇట్టే తెలిసిపోయేది. అది చాలదన్నట్టు నిరుడు పట్టపురాణి మేడ మీద నిలబడి సింగజెట్టికి చప్పట్లు కొట్టింది. ఆ మంట ఏడాదైనా ఆరలేదు.

ఈసారి పండుగ దగ్గర పడుతుండగా వేగులవాడు ఒక కబురు మోసుకొచ్చాడు. సింగజెట్టి పెళ్లాడింది బైరిజెట్టి చెల్లెలినేనట. బావా బావమరుదులిద్దరూ ఒకే ఇంట్లో ఒకే కుండలో కూడు తింటున్నారట. మట్టి ఎప్పుడు కొట్టాలి, ఎవడు ఎక్కడ పడాలి, ఎక్కడ లేవాలి అని మాట్లాడుకుని మరీ పెరట్లో సాధన చేస్తున్నారట.

రాజుగారికి పండుగ ముందే వచ్చినట్టయింది. జెట్టీలిద్దరినీ సభకు ఈడ్పించి, ఇది పచ్చి మోసమనీ, జనం ముందు మీ గుట్టు బయటపెట్టి, తలలు గొరిగించి, పెళ్లాం బిడ్డలతో పొలిమేర దాటిస్తాననీ అన్నాడు. సింగజెట్టి వాచిన భుజం చూపించాడు. పడటం ముందే అనుకున్నదే అయినా దెబ్బ నిజంగానే తగులుతుందని మొరపెట్టుకున్నాడు. తాతల నాటి నుంచి ఇదే బతుకు, వేరే పని చేతకాదు అని బైరిజెట్టి అంతటి మీసాలవాడు భోరున ఏడ్చాడు. రాజు చెవిన పెట్టలేదు.

ఆ సభలో మాచన అనే విదూషకుడు ఉండేవాడు. అతను లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, వీళ్ల నేరమేమిటో ఒక్క ముక్కలో సెలవియ్యండి."

"లేనిదాన్ని ఉన్నట్టు జనానికి చూపించడం."

"మంచిమాట. దాన్ని శాసనం చేసి చాటించండి. లేకపోతే జెట్టికి వచ్చే కేకలు చూసి రాజుగారు ఓర్వలేకపోయారని గిట్టనివాళ్లు అంటారు."

ఓర్వలేకపోవడమనే మాట రాజుగారికి సూదిలా గుచ్చుకుంది. వెంటనే శాసనం రాయించాడు. పండుగ నాడు ప్రజల ఎదుట నిజం కానిదేదీ చూపరాదు, పలకరాదు. జెట్టీలు కూడా ఆనాడు నిజంగా కుస్తీ పట్టాలి, వాళ్ల పస ఎంతో జనం చూశాకే దేశం వదలాలి. ఊరూరా దండోరా వేశారు.

విజయదశమి వచ్చింది. రాజుగారి ఏనుగు మైదానంలో అడుగుపెట్టింది. వంది ముందు నిలబడ్డాడే గాని నోరు విప్పలేదు. రాజుగారు దగ్గాడు. అయినా లేదు. ఏమిరా, నోరు పడిపోయిందా అని గద్దిస్తే వంది, "రాజుగారు వస్తున్నారహో" అని ఊరుకున్నాడు. లేవాలో వద్దో తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లేచిన కొందరు కూడా సిగ్గుపడి కూర్చున్నారు.

రాజుగారు మండిపడి మాచనను పిలిచాడు.

"వాడి తప్పు లేదు ప్రభూ," అన్నాడు మాచన. "శాసనానికి భయపడి నిన్న నా దగ్గరికి వచ్చాడు. ఇద్దరం బిరుదులు ఒక్కొక్కటే పరీక్షించాం. శత్రురాజ శిరశ్ఛేదక అన్నది తీసేశాం, శత్రువు ఎవడూ రాలేదు గనుక. వ్యాఘ్రసంహారి అన్నది తీసేశాం, ఆ పులికి ముందే నల్లమందు పెట్టామని వేటగాళ్లు ఒప్పుకున్నారు. కవిసార్వభౌమ సంగతి నా నోటితో చెప్పించకండి. అన్నీ పోగా తమరు రావడం ఒక్కటి మిగిలింది."

రాజుగారు ఇక ఎవరిని తిడతాడు? చేసిన శాసనం తనదే. కుస్తీ మొదలుపెట్టమని సైగ చేశాడు.

జెట్టీలు గోదాలో దిగారు. తలకు తల ఆనించి, మెడకు మెడ పెనవేసి నిలబడ్డారు. నిజం కుస్తీ కదా, ఎవడు కదిలితే వాడు పోతాడు. అందుకని ఇద్దరూ కదల్లేదు. జాము గడిచింది. ఎండ నడినెత్తికి వచ్చింది. జనం చద్దిమూటలు విప్పారు. కొందరు పొలాల కబుర్లలో పడ్డారు, కొందరు ఇళ్లకు బయల్దేరారు. రాణి ఆవులించి లోపలికి వెళ్లిపోయింది. రాజుగారికే రెండుసార్లు కునుకు పట్టింది.

చివరికి ముందు వరసలో కూర్చున్న పూలమ్మే నాంచారమ్మ ఉండబట్టలేక అరిచింది. "ఒరే బైరీ, మట్టి కొట్టవేంరా? పొయ్యి కూడా రాజెయ్యకుండా వచ్చాం."

రాజుగారు ఉలిక్కిపడి ఆమెను దగ్గరికి పిలిపించాడు. మట్టి కొట్టడం ముందే అనుకున్న సంగతి నీకు తెలుసా అని అడిగాడు.

"తెలీకేం సామీ. వాళ్ల పెరటికీ మా పెరటికీ ఒకటే గోడ. వీళ్లు పడేదీ లేచేదీ రోజూ చూస్తానే ఉంటాం. ఊరందరికీ తెలుసు."

"తెలిసి కూడా ఎందుకు అరుస్తారు?"

అరవబుద్ధేస్తుంది సామీ అని ఆమె తల దించుకుంది.

రాజుగారు ఏనుగు మీది నుంచే మాచన వైపు వంగి మెల్లగా అడిగాడు. "అయితే నా బిరుదులు ఉత్తవని కూడా వీళ్లకు తెలుసా?"

"తెలుసు ప్రభూ."

"రెండూ ఉత్తవే అయినప్పుడు, వాడికి అంత కేకా? నాకు ఇంతేనా?" ఆ గొంతులో కోపం లేదు. ఏళ్ల తరబడి దాచుకున్న ఏడుపు ఉంది.

"తమరు ఎన్నడూ పడలేదు కదా ప్రభూ," అన్నాడు మాచన. "అసలు పడనివాడు లేస్తే చూసేదెవరు?"

రాజుగారు గోదా వైపు చూశాడు. తర్వాత కిరీటం తీసి మావటివాడి చేతికిచ్చి, ఏనుగు దిగి, పంచె ఎగ్గట్టాడు. మాచన గబగబా అడ్డం వచ్చాడు.

"ఒక్క మాట. నిజమే చూపాలన్న శాసనం ఇంకా అమల్లోనే ఉంది. బైరిజెట్టి శాసనం దాటే మనిషి కాదు."

రాజుగారు బైరిజెట్టి మెడనూ చేతులనూ ఎగాదిగా చూశాడు. శాసనం అక్కడికక్కడే రద్దయింది. దానితోపాటు జెట్టీల శిక్ష కూడా పోయింది.

బైరిజెట్టి రాజుగారి చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, మీసం మెలేసి, గుప్పెడు మట్టి తీసి మహారాజు మొహాన కొట్టాడు. రాజుగారు వెల్లకిలా పడ్డాడు. "మా రాజునే కొడతావురా, నీ చేతులు పడిపోను," అని నాంచారమ్మ మెటికలు విరిచింది. ఇళ్లకు పోతున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. రాణి మేడ మీదికి ఉరికొచ్చింది. రాజుగారు మోకాళ్ల మీద లేచి, బైరిజెట్టి నడుం పట్టుకున్నాడు. ఎత్తాడో లేదో దేవుడికెరుక, బైరిజెట్టి మాత్రం గాల్లో గిర్రున తిరిగి గోదా అవతల పడ్డాడు. అప్పుడు పుట్టిన కేకకు ఏనుగు బెదిరింది.

ఒళ్లంతా ఎర్రమట్టితో రాజుగారు పగలబడి నవ్వాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేశాడు. జెట్టీలకు మాన్యం రాసిచ్చి, వచ్చే ఏడు నన్ను రెండుసార్లు పడెయ్యాలి అని బైరిజెట్టిని బతిమాలాడు.

అందరూ సంబరంగా ఇళ్లకు మళ్లారు. సింగజెట్టి మాత్రం దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక బైరిజెట్టి వీపు మీది మట్టి దులుపుతూ, ఆఖరికి నోరు తెరిచాడు.

"ఇన్నేళ్లలో నాకోసం ఒక్కసారైనా అంత బాగా పడ్డావా బావా?"