ఫోటోలో ఉన్నట్టే ఉండాలి

చిలకలూరిపేట దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో గోవర్ధన్, మస్తాన్ వలీ, జోజిబాబు అని ముగ్గురు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. ముగ్గురిలో తెలివి ఎవరికి ఎక్కువో తేలక మూడేళ్ళుగా వాళ్ళలో వాళ్ళే వాదించుకుంటున్నారు. ఎవరికి తక్కువ అన్న ప్రశ్న మాత్రం వాళ్ళకు ఒక్కనాడూ రాలేదు.

వాళ్ళ తెలివి ఒకటే రకం. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. పరీక్షలో 'ఏవైనా ఐదు ప్రశ్నలు రాయండి' అని ఉంటే, ముగ్గురూ ఐదేసి ప్రశ్నలు గుండ్రటి అక్షరాలతో రాసి వచ్చేశారు. జవాబులు రాయమని ఎక్కడుంది? దిద్దినాయన దస్తూరీ చూసి ముచ్చటపడి పాసు చేశాడు. మన చదువుల్లో దస్తూరీకి ఉన్న మర్యాద అలాంటిది. ఆ ముచ్చట మొదలుపెడితే ఇక ఈ కథ ముందుకు సాగదు.

ఇలా ఉండగా, ఒక్క సెమిస్టరు చదువుకోవడానికి ముగ్గుర్ని పంపమని జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రిన్సిపాలుగారు రిజిస్టరు తిరగేసి, "ఎదురు ప్రశ్న వెయ్యని పిల్లలు మన కాలేజీలో ఈ ముగ్గురేనయ్యా" అని సంతకం పెట్టేశారు. అంతే, గోవర్ధన్ మేనమామ సుబ్బరామయ్య సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాడు. 'జర్మనీ వెళ్తున్న మా మేనల్లుడికి శుభాకాంక్షలు'. అందులో మేనమామ ఫోటో బస్సంత, మేనల్లుడి ఫోటో బొట్టుబిళ్ళంత.

మంగళవారం నాడు వాళ్ళు జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో దిగారు. దిగగానే చేతికో కాగితం ఇచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు యూనివర్సిటీ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. లేదంటే సీటు రద్దు, వచ్చిన దారినే వెళ్ళిపోవాలి. గోవర్ధన్ ఆ ముక్క రెండుసార్లు చదివాడు. నాలుగు రోజుల్లో తిరిగొచ్చి, ఇంకా రంగు వెలవని ఆ ఫ్లెక్సీ కింద తను నిలబడ్డట్టు కళ్ళకు కట్టింది.

"ఒరే, ఇక్కడ ఒక్క తప్పు కూడా జరక్కూడదు. వాళ్ళు ఏం చెబితే అది, ఎట్టా చెబితే అట్టా" అన్నాడు.

"మనకి చెప్పాలంట్రా?" అన్నాడు వలీ.

హాస్టలు చూసుకునేది హెల్గా అని ఒక పెద్దావిడ. మంచి మనిషి. తాళాలు చేతికిచ్చి, ఇంగ్లీషులో, "బాబూ, ఇక్కడ మొహమాటపడకండి. ఇది మీ ఇల్లే అనుకోండి" అంది.

ఇంకేముంది! అనుకున్నారు.

తెల్లారేసరికి జోజిబాబు బకెట్లతో నీళ్ళు తెచ్చి వరండా అంతా కడిగాడు. ఆ దేశంలో వరండాకి కార్పెట్టు వేస్తారు. వలీ హాల్లో సోఫా జరిపి, ఈ మూల నుంచి ఆ మూలకు తాడు కట్టి లుంగీలు ఆరేశాడు. గోవర్ధన్ ఆవిడ ఆఫీసుగదిలో చాప పరిచి, ఆవిడ టీపొడితో టీ పెట్టుకుని, కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. తొమ్మిదింటికి హెల్గా వచ్చి తన గది తలుపు తనే కొట్టింది. గోవర్ధన్ తలుపు ఓరగా తీసి, ఇంట్లో రోజూ చెప్పినట్టే చెప్పాడు.

"నాన్న లేరండి. పొలం వెళ్ళారు. సాయంత్రం రండి."

ఆవిడ గోడ మీద బోర్డు చూసుకుంది. తన పేరే ఉంది. మళ్ళీ గోవర్ధన్ని చూసింది.

"ఇది నా గది బాబూ!"

"అట్టాగంటే ఎట్టా ఆంటీ? నిన్న మా ఇల్లన్నారుగా?" అన్నాడు గోవర్ధన్, కాస్త నొచ్చుకుని.

పాపం, ఆవిడ తడిసిన కార్పెట్టు మీద చప్పచప్పమని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. "మాట మీద నిలబడే మనుషులు కాదురా వీళ్ళు" అని జోజిబాబు తేల్చేశాడు.

మరునాడు గురువారం, మొదటి క్లాసు. దారిలో రోడ్డు దాటాలి. ఎర్రబొమ్మ ఉంటే ఆగాలి, పచ్చబొమ్మ వస్తే నడవాలి అని హెల్గా దూరం నుంచే చెప్పి పంపింది. ఆ ఊళ్ళో కారు లేకపోయినా ఎర్రబొమ్మ ఉంటే అడుగు కదపరు. మనవాళ్ళకు ఆ పద్ధతి తెగ నచ్చింది. పచ్చబొమ్మ వెలిగింది. వలీ కాలు ముందుకు వేశాడు. గోవర్ధన్ చొక్కా పట్టుకు లాగాడు.

"ఆగరా! బొమ్మలో ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కడే."

"మరి ముగ్గురం ఎట్టా పోతాం?"

అంతే, ఒక్కో పచ్చబొమ్మకి ఒక్కొక్కడు దాటాలని తీర్మానమైంది. గోవర్ధన్ దాటాడు. మళ్ళీ పచ్చబొమ్మ పడ్డాక వలీ దాటాడు. జోజిబాబు నిలబడింది ఆ పక్కన సైకిళ్ళ దీపం ముందు. దాని బొమ్మలో మనిషితో పాటు సైకిలూ ఉంది.

"ఒరే గోవర్ధనూ! నాకు సైకిలు లేదురా!" అని ఈ ఒడ్డు నుంచి కేకపెట్టాడు.

"అయితే రాబాకు! తప్పు జరిగితే సీటు పోద్ది!"

జోజిబాబు అరగంట నిలబడ్డాడు. చివరికి ఒక ముసలాయన సైకిలు గోడకు ఆనించి రొట్టెల కొట్లోకి వెళితే, ఆ సైకిలు భుజాన వేసుకుని, పచ్చబొమ్మ చూసి దర్జాగా దాటాడు. ముసలాయన రొట్టె చేతపట్టుకుని వెంటపడ్డాడు. పట్టుకోగానే జోజిబాబు సైకిలు ఆయన చేతిలో పెట్టి, "ఇక నాకు అక్కర్లేదు తాతా, మీరే ఉంచుకోండి" అన్నాడు. ఆ ముసలాయన ఇంతవరకూ తన సైకిలు తనకే దానంగా పుచ్చుకున్న పాపాన పోలేదు.

క్లాసులో బెంచీ మీద కూర్చున్నారో లేదో ప్రొఫెసరు లోపలికి వచ్చాడు. ముగ్గురూ దిగ్గున లేచి నిలబడ్డారు. మన దగ్గర పంతులుగారు కూర్చోమనేదాకా కూర్చోకూడదు కదా. ఆ దేశంలో లేవమనేవాడూ లేడు, కూర్చోమనేవాడూ లేడు. గంటన్నర పాఠం. గంటన్నరా ముగ్గురూ స్తంభాల్లా నిలబడ్డారు. వెనక పిల్లలకు బోర్డు కనపడక అటూ ఇటూ మెడలు సాచారు. ప్రొఫెసరు మాత్రం, వీళ్ళది ఏదో మౌన నిరసన అనుకుని, భయపడి, పాఠం మధ్యలో రెండుసార్లు క్షమాపణ చెప్పాడు. ఎందుకో ఆయనకూ తెలీదు.

"మర్యాదస్తుడు. కానీ కూర్చోమనడం తెలీదు" అని గోవర్ధన్ పిక్కలు పిసుక్కున్నాడు.

సాయంత్రం గదిలో కూర్చుని కాగితం మళ్ళీ చదివారు. రేపే శుక్రవారం. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. 'నమోదుకు స్వయంగా రావాలి. మనిషి పాస్‌పోర్టులో ఫోటోకు సరిపోలాలి.'

గోవర్ధన్ పాస్‌పోర్టు తీసి చూసుకుని నెత్తి తడుముకున్నాడు.

ఆ ఫోటో తిరుపతి కొండ దిగిన మర్నాడు తీయించింది. నున్నటి గుండు. ఇప్పుడేమో నెత్తిన ఆరు నెలలు ముద్దుగా పెంచిన ఒత్తు జుట్టు. విదేశం వెళ్తున్నానని పిడుగురాళ్ళ మంగలి చేత ప్రత్యేకంగా పక్కలు దిగకోయించుకున్న జుట్టు.

వలీ తన ఫోటో చూశాడు. అది పంటిపోటు రోజుల్లో తీసింది. ఎడమ బుగ్గ బూరెలా పొంగి ఉంది. జోజిబాబు తన ఫోటో చూసుకుని అందరికంటే ఎక్కువ బెంబేలెత్తాడు.

"మీది నయంరా. నాకు ఛాతీ కింద ఏమీ లేదు!"

"పైగా ముగ్గురికీ వెనకాల తెల్లగా ఉంది" అన్నాడు వలీ.

శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టారు. గెడ్డం గీసుకునే రేజరుతో గోవర్ధన్‌కి గుండు కొట్టేసరికి పది దాటింది. జుట్టు రాలుతుంటే వాడికి కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ, సీటు ముందు జుట్టెంత? వలీ ఉడకబెట్టిన బంగాళాదుంప ఎడమ బుగ్గలో కుక్కుకున్నాడు. జోజిబాబు పచ్చళ్ళు తెచ్చుకున్న అట్టపెట్టెకి అడుగు చింపి, ఛాతీ దాకా తొడుక్కుని, గెంతుతూ బయల్దేరాడు. మంచం మీది తెల్లదుప్పటి గోవర్ధన్ చంకలో ఉంది.

ఆఫీసుకు చేరేసరికి పన్నెండుకి పదిహేను నిమిషాలు. కౌంటరులో ఉర్సులా అనే అమ్మాయి. గోవర్ధన్ ఎదురుగా నిలబడగానే, మిగతా ఇద్దరూ వెనక పెళ్ళిలో అడ్డుతెర పట్టుకున్నట్టు దుప్పటి పట్టుకున్నారు. ఆ అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, గుండు చూసింది, దుప్పటి చూసింది. పాపం, ఇది వాళ్ళ ఆచారం కాబోలు అనుకుని, మర్యాదగా ముద్ర కొట్టింది. తరువాత వలీ.

"మీ పేరు?"

"మ్మ్... మ్మూమ్..."

"వాడి పేరు మస్తాన్ వలీ అండీ. ఫోటోలో నోరు మూసుకునే ఉన్నాడు చూడండి" అన్నాడు గోవర్ధన్.

దానికీ ముద్ర పడింది. జోజిబాబు పెట్టెతో సహా గెంతుకుంటూ వచ్చాడు. వాడికీ పడింది. గోవర్ధన్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. సీటు నిలిచింది! మేనమామ పరువు నిలిచింది!

"ఇక విద్యార్థి కార్డులు. ఇలా చూడండి" అంటూ ఉర్సులా చిన్న కెమెరా వాళ్ళ వైపు తిప్పింది. బంగాళాదుంప బుగ్గతో వలీకి ఒకటి, పెట్టెలో జోజిబాబుకి ఒకటి. గోవర్ధన్ వంతు వచ్చేసరికి వెలుగు తళుక్కుమంది, వాడు కళ్ళు మూశాడు. కార్డు బయటికొచ్చింది. గోడగడియారంలో పన్నెండయింది.

"అయ్యో, కళ్ళు మూసుకుపోయాయే! సోమవారం రండి, మళ్ళీ తీస్తాను."

"సోమవారమా?" గోవర్ధన్ కార్డు లాక్కుని గుండెలకు హత్తుకున్నాడు. "శుక్రవారం లోపన్నారుగా! ఇదే ఉండనీండి మేడమ్, ఇదే ఉండనీండి."

"మీ ఇష్టం. కార్డు ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. బస్సులో, లైబ్రరీలో, క్లాసులో ఎక్కడైనా ఫోటో, మనిషీ ఒకటేనా అని చూస్తారు" అంది ఆ అమ్మాయి.

ఇంకేముంది! ఆఫీసు మెట్లు దిగుతూనే గోవర్ధన్ కళ్ళు మూసుకున్నాడు. దారి కోసం వలీ భుజం మీద చెయ్యి వేశాడు. వలీ బుగ్గలో దుంప సర్దుకున్నాడు. వెనక జోజిబాబు పెట్టె టకటకలాడించుకుంటూ గెంతాడు. ఆ ఊళ్ళో జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

ఆదివారం గోవర్ధన్ వాళ్ళమ్మ వీడియో కాల్ చేసింది.

"ఒరే గోవర్ధనూ! గుండేందిరా? ఆ కళ్ళేంది, నిద్దరొస్తందా?"

"నిద్దర కాదమ్మా, చదువు" అన్నాడు వాడు, కళ్ళు తెరవకుండా, గర్వంగా. "నీకు చెప్పినా అర్థం కాదులే."

"పోనీలే నాయనా. ఇంతకీ ఆ దేశం ఎట్టా ఉందిరా?"

"ఇంకా చూళ్ళేదమ్మా. ఐదు నెలల్లో సెమిస్టరు అయిపోద్దిగా, కార్డు తిరిగిచ్చేసి విమానం ఎక్కాక, పైనుంచి చూస్తాలే."