నలభయ్యో పేజీ

త్రిమూర్తులుకి చదవడానికి పుస్తకం దొరకడం లేదు. నాలుగు వేల పుస్తకాల మధ్య కూర్చున్న మనిషికి ఇదేం కష్టమని నవ్వకండి. నిజంగానే దొరకడం లేదు.

మండపేటలో అతనిది అద్దె పుస్తకాల షాపు. హత్యలూ పరిశోధనలూ ఉన్న నవలలు, రాజులూ కోటలూ ఉన్న చారిత్రక నవలలు ఎక్కువ. షాపు పెట్టింది మాత్రం జలాలుద్దీన్ గారు. పాఠకుడిగా వచ్చిన త్రిమూర్తులుని పక్కన కూర్చోబెట్టుకుని బైండింగ్ నేర్పింది ఆయనే. ఏ మనిషికి ఏ పుస్తకం ఇవ్వాలో నేర్పిందీ ఆయనే. ఆరేళ్ల క్రితం, చూపు మందగిస్తోందని తాళాలు శిష్యుడి చేతిలో పెట్టి ఇంటిపట్టున ఉండిపోయారు. అప్పటినుంచీ షాపుకి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతూ వచ్చారు.

త్రిమూర్తులుకి ఒక గొప్ప ఉంది. ఎలాంటి హత్య కథైనా నలభై పేజీలు చదివితే చాలు, హంతకుడెవరో చెప్పేస్తాడు. ఇది ఇరవయ్యేళ్ల వయసులో మొదలైంది. అద్దె పుస్తకాలు చదివేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. చదివేసిన పుస్తకాన్నే మళ్ళీ పట్టుకెళ్ళకుండా ఏదో ఒక పేజీలో గుర్తు పెట్టుకుంటారు. ఒకరు పేజీ నంబరు చుట్టూ సున్నా చుడతారు, ఇంకొకరు మూల చిన్న నక్షత్రం వేస్తారు. త్రిమూర్తులు నలభయ్యో పేజీ అంచున హంతకుడి పేరు రాసేవాడు. పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో, గట్టిగా నొక్కి.

మొదట్లో రాశాక చివరిదాకా చదివి సరిచూసుకునేవాడు. తర్వాత్తర్వాత ఆఖరి పేజీ ఒక్కటే తిరగేసేవాడు. ఇంకొన్నాళ్ళకి అదీ మానేశాడు. తెలిసిపోయాక ఇంకా చదవడం దేనికి? షాపు తనదయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కొత్త పుస్తకం రాగానే ముందు తన పెన్సిలు పడాల్సిందే.

రిటైరైన నర్సు గ్రేసమ్మ గారు పోయిన నెల కార్డు వెనక్కి ఇచ్చేశారు. "అదేంటో గానీ బాబూ, నీ షాపు పుస్తకం నలభై పేజీలు దాటాక చదవబుద్ధి కావట్లేదు" అన్నారు. త్రిమూర్తులు తప్పంతా రచయితల మీదకి తోసేశాడు. పాతవాళ్ళలో పస అయిపోయింది, వీళ్ళని తూకానికి అమ్మేసి కొత్తవాళ్ళని తేవాలి అనుకున్నాడు. వెనక గదిలో పుస్తకాలన్నీ పురికొసతో కట్టలు కట్టాడు. సోమవారం వచ్చి పట్టుకెళ్ళమని పాత కాగితాల వ్యాపారికి చెప్పాడు.

గురువుగారికి చెప్పకుండా ఇవ్వడానికి మాత్రం మనసు ఒప్పుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దాటాక ఆయన ఇంటికి వెళ్ళాడు. జలాలుద్దీన్ గారు వరండాలో కూర్చుని పక్కింటివాళ్ళ పెళ్ళి ఆల్బానికి ఊడిపోయిన అట్ట అతికిస్తున్నారు. చూపు ఇప్పుడు పూర్తిగా పోయినా వేళ్ళకి పని తెలుసు.

"సోమవారం తూకానికి ఇచ్చేస్తున్నానండి. మీకో మాట చెప్పి ఇద్దామని వచ్చాను."

"అన్నీనా?"

"ముందు వెనక గదిలోవండి. ఆ రచయితలు అరిగిపోయారండి. నలభై పేజీల్లో దొరికిపోతున్నారు. కొత్తవాళ్ళెవరైనా ఉంటే పేర్లు చెప్పండి, తెప్పిస్తాను. హత్యలు రాసినా పర్లేదు, కోటలు రాసినా పర్లేదు. నన్ను బోల్తా కొట్టించేవాడు ఒక్కడుంటే చాలండి."

జలాలుద్దీన్ గారు జిగురు రాస్తూనే ఉన్నారు.

"నాకు చదవబుద్ధి కావట్లేదండి గురువుగారూ," అన్నాడు త్రిమూర్తులు. ఈసారి గొంతులో గొప్ప లేదు. అతనికి భయంగా ఉంది. షాపు పోతే ఇంకో పని చూసుకోవచ్చు. చదవాలన్న ఆశే పోతే ఏం చెయ్యాలో అతనికి తెలియదు.

ఆయన కుంచె పక్కన పెట్టి చెయ్యి చాపారు. "షాపు తాళాలు ఇలా ఇవ్వు. నేనొచ్చేదాకా ఇక్కడే కూర్చో. లోపల టీ ఇస్తారు, తాగు."

వీధి చివరిదాకా కర్ర చప్పుడు వినిపించింది. గంట తర్వాత ఆయన ఒక పుస్తకంతో తిరిగొచ్చారు. దానికి ఖాకీ కాగితం అట్ట వేసి, పేరుండే మొదటి రెండు ఆకుల్నీ అట్టలోకి మడిచి అతికించేశారు. జిగురు ఇంకా తడిగానే ఉంది.

"ఇది చదువు."

"ఎవరు రాశారండీ?"

"చదివాక చెప్తాను. ఆ పెన్సిలు ఇక్కడ పెట్టి వెళ్ళు."

చెవి మీద పెన్సిలు లేకుండా త్రిమూర్తులుని చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. కాసేపు నసిగి, తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

శనివారం పొద్దున్న షాపులో కూర్చుని మొదలుపెట్టాడు. రెడ్డిరాజుల కాలంలో రాజమహేంద్రవరం. రాగిరేకుల మీద దానశాసనాలు చెక్కే మనిషి తన కొట్టంలో చచ్చి పడి ఉంటాడు. పక్కనే సగం చెక్కిన శాసనం. అందులో దానమిచ్చిన ఊరి పేరు ఉండాల్సిన చోటు ఖాళీ. కోటగుమ్మం వర్ణన ఎక్కడో చదివినట్టే అనిపించింది గానీ, కోటలన్నీ ఒక్కలాగే ఉంటాయిలే అనుకుని ముందుకి వెళ్ళాడు.

నలభయ్యో పేజీకి హంతకుడెవరో తెలిసిపోయింది. చెయ్యి దానంతటదే చెవి మీదకి వెళ్ళింది. అక్కడ పెన్సిలు లేదు. రాసి మూసేద్దామంటే రాయడానికి ఏమీ లేదు. చేసేది లేక పేజీ తిప్పాడు.

ఆ రోజు క్యారేజీ మూత తియ్యలేదు. ఆదివారం మధ్యాహ్నానికి పుస్తకం అయిపోయింది. హంతకుడెవరో నేను చెప్పను. ఆ పాడలవాటు ఈ కథలో ఒకరికి ఉంది, చాలు.

అతను సైకిలుకి స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించి గురువుగారి వరండా మెట్లెక్కాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరండీ ఈయన? ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ? ఆ పడవవాడు, పోలయ్య, వాడే చంపాడనుకున్నానండి నేను. అరవై రెండో పేజీలో ఆ సాక్షి పిల్లని ఒడ్డుకి తోసేసి వాడు గోదాట్లో పోయాడండి. షాపులో కూర్చుని ఏడ్చేశాను. ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో."

"ఈయన కాదు, ఈవిడ. మాచిరాజు వకుళ."

"ఇంకేమైనా రాశారాండీ?"

"ఇంకో ఏడు."

"ఎక్కడ దొరుకుతాయండీ? రాజమండ్రి వెళ్ళమన్నా ఇప్పుడే బయల్దేరతాను."

"నీ షాపు వెనక గదిలో. కిటికీ కింద కట్టలో ఉన్నాయి. నేను కట్టిన బైండింగే కదా, వేళ్ళతో పోల్చుకుని అందులోంచే ఇది లాగాను."

త్రిమూర్తులు అడ్డంగా తలూపాడు. "ఆవిణ్ణి నేను చదవలేదండి. చదివుంటే వదులుతానా?"

జలాలుద్దీన్ గారు పుస్తకం ఒళ్ళోకి తీసుకున్నారు. కళ్ళు వీధివైపు ఉన్నాయి, బొటనవేలు ఆకులు లెక్కపెడుతోంది. ఇరవయ్యో ఆకు దగ్గర ఆగి దాన్ని తిప్పారు. పేజీ అంచు మీద చూపుడువేలు మెల్లగా పైనుంచి కిందికి జరిపారు. సగంలో వేలు ఆగింది.

"వెలుగువైపు వాల్చి చూడు."

తెల్ల అంచు మీద ఏమీ లేదు. కాగితం మాత్రం అక్కడ కొంచెం నూగులేచి ఉంది. త్రిమూర్తులు పుస్తకాన్ని ఎండకి ఏటవాలుగా పట్టాడు. పెన్సిలు పోయినా దాని నొక్కు పోలేదు. గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి.

హంతకుడు పోలయ్య. సందేహం లేదు.

అది తన చేతిరాత. ఏ పాతికేళ్ల కిందటిదో.

అతను వరండా గచ్చు మీద కూర్చుండిపోయాడు. నిన్న ఎవరికోసం ఏడ్చాడో వాణ్ణి పాతికేళ్ల కిందటే దోషిని చేసి, మూసేసి, తిరిగి ఇచ్చేశాడు. చాలా సిగ్గేసింది.

"ఎవరు చెరిపారండీ దీన్ని?"

ఆయన బైండింగ్ పెట్టె మూత తీశారు. దబ్బనం, దారపు ఉండ, మైదా జిగురు గిన్నె. వాటి కింద వేళ్ళతో వెతికి ఒక రబ్బరు ముక్క తీశారు. అరిగి అరిగి శనగగింజంత అయింది.

"నువ్వు పుస్తకం తిరిగిచ్చి మెట్లు దిగేదాకా ఆగేవాణ్ణి," అన్నారు.

"అన్నీ చెరిపారాండీ?"

"నా చేతికొచ్చినవి."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే మళ్ళీ వచ్చేవాడివి కాదు."

త్రిమూర్తులు ఏదో అనబోయాడు. "మీరు షాపు వదిలేశాక..." అని ఆగిపోయాడు. ఈ ఆరేళ్లలో షాపులో ఎవరూ ఏదీ చెరపలేదు. గ్రేసమ్మ గారు కార్డు బల్లమీద పెట్టి వెళ్ళిపోవడం గుర్తొచ్చింది.

జలాలుద్దీన్ గారు రబ్బరు ముక్కని అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"తర్వాత చదివేవాళ్ళకి కూడా కొత్త రచయిత కావాలి కదా," అన్నారు.

త్రిమూర్తులు లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పెన్సిలు కిటికీ గట్టు మీదే ఉండిపోయింది.

సోమవారం పాత కాగితాల వ్యాపారి త్రాసు పట్టుకుని వచ్చాడు. వెనక గదిలో కట్టలన్నీ విప్పేసి ఉన్నాయి. పురికొసల మధ్య త్రిమూర్తులు నేలమీద కూర్చుని ఒక పుస్తకం తెరిచి, దాని అంచు రుద్ది, రాలిన రబ్బరు పొట్టు ఊదుతున్నాడు.

"అదేంటండీ, విప్పేశారు? అమ్మరా?"

"అమ్మను," అన్నాడు త్రిమూర్తులు తలెత్తకుండా. "ఇవింకా నేను చదవలేదు."