చీపురు ముసలమ్మ

తిరుపాలుకు ముసలమ్మ పీడ వదలడం లేదు.

కర్నూలులో ఒక దినపత్రికకు నలభై ఏళ్ళు కార్టూన్లు వేశారు చిన్నప్ప అయ్యవారు. ప్రతి బొమ్మలోనూ ఒక మూలన చీపురు పట్టిన ముసలమ్మ ఉండేది. ఆమె మాట్లాడదు. మనకు వీపు పెట్టి, బొమ్మలోని పెద్దల వైపు చూస్తూ ఉంటుంది, అంతే. కళ్ళు పోయి అయ్యవారు ఇంట్లో కూర్చున్నాక కుర్చీ, కుంచె, ముసలమ్మ మూడూ ఆయన శిష్యుడు తిరుపాలుకు వచ్చాయి.

సోమవారం పత్రిక యజమాని పిలిచాడు.

"పైనుంచి ఫోనొచ్చిందబ్బాయ్. మంత్రిగారికి ఆ ముసిల్దాని చూపు గిట్టలేదంట. తీసేయ్. లేదా నువ్వే తప్పుకో. అయినా ఈ కాలంలో బొమ్మలెవరు చూస్తాండారు?"

తిరుపాలు తీసేశాడు. తెల్లారి పేపరులో ఆమె లేదు గానీ, ఆమె నీడ నేల మీద పడి ఉంది. అలవాటు పడిన చెయ్యి గీసేసిందేమో అనుకున్నాడు. మర్నాడు ఆ మూలన ఏమీ గీయకుండా తెల్లరంగు దట్టంగా పూశాడు. అచ్చులో ఆ తెలుపే ముసలమ్మలా నడుం వంచి నిలబడింది.

"ముసలమ్మ చచ్చిపోయిందా?" అని పాఠకులు ఒకటే ఫోన్లు.

తిరుపాలు ఆ రోజు బొమ్మలోనూ ఆ మూలన తెల్లరంగు పూసి, ఆ అట్ట, రంగు సీసా, కుంచె పట్టుకుని అయ్యవారింటికి పరుగెత్తాడు.

"ఏం చేసినా పోదే అయ్యవారూ! నా కొలువు పోయేట్టుంది. దీన్ని ఎట్ల చెరపాల?"

అయ్యవారు అట్టను తడిమారు. తెల్లరంగు మీద వేలు ఆగింది.

"ఈడనే ఉండాది కదరా. కుంచె ముంచియ్యి."

ఇచ్చాడు. ఆయన ఎడమ చేత్తో శిష్యుడి గడ్డం పట్టుకున్నారు. రంగు కారుతున్న కుంచె కొన నేరుగా అతని కంటి మీదికి వచ్చింది. చూపు లేని ఆ మనిషి చెయ్యి ఇసుమంతైనా వణకలేదు.

తిరుపాలు కెవ్వుమని వెనక్కి దూకాడు. "ఏం జేస్తాండారు!"

"చెరపమంటివి గదా. చూసినోళ్ళ కండ్లకు పూయాల. నీతోనే మొదలుపెడదామనుకుంటి."

తిరుపాలు అట్ట తీసుకుని ఆఫీసుకు వచ్చాడు. బ్లేడుతో ఆ తెలుపును గీకాడు. కింద ఉత్త అట్టే ఉండాలి. మొదట చీపురు పుల్లలు కనబడ్డాయి. తర్వాత వంగిన నడుము. ఆ తర్వాత ముఖం.

ఈసారి ఆమె మంత్రిని చూడటం లేదు. తిరుపాలునే చూస్తోంది.

తెల్లటి పొడిని ఊదేసి, కింద తన పేరు రాసి, అట్టను అచ్చుకు పంపాడు.