మూడు ‘లేదు’లూ ఒక ‘అవునూ’

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ రెండు నిమిషాల వీడియోలో వినిపించే ముసలి గొంతు దాలమ్మది కాదు. నాది.

మిగతా కథ మా ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసినంతలో అది నా తెలివితేటల కథ.

మా కంపెనీ నిజ జీవితాల మీద టీవీ కార్యక్రమాలు తీస్తుంది. యజమాని భూపతిరాజు గారు. ఆయన కూర్చునే గదిని మేం దర్బారంటాం. ఆయనకీ తెలుసు, అందుకే కుర్చీ కాస్త ఎత్తుగా చేయించుకున్నారు. ఒకరోజు నన్నూ, సుధన్వనీ పిలిచారు.

“ఎల్లుండి హోటల్లో విదేశీ ఛానెళ్ళవాళ్ళు కార్యక్రమాలు కొనడానికి కూర్చుంటున్నారు. ఒక్కో బల్ల దగ్గర ఏడు నిమిషాలు. గంట కొడితే లేచిపోవాలి. మీ ఇద్దరిలో ఎవరి మాటకి వాళ్ళు పెన్ను తీస్తే వాళ్ళే డైరెక్టర్. రెండోవాళ్ళు వాళ్ళ ట్రైపాడ్ మోస్తారు.”

సుధన్వ లండన్లో కోర్సు చేసొచ్చాడు. నేను సెల్‌ఫోన్లో వీడియోలు చూసి ఎడిటింగ్ నేర్చుకున్నదాన్ని. దాలమ్మ నేను తెచ్చిన ఆలోచనే. శ్రీకాకుళం వైపు ఉప్పు మళ్ళలో, కాలితో తొక్కి ఉప్పు ఎప్పుడు గట్టిపడుతుందో చెప్పే మనిషి. ఆవిడ మీద నమూనాగా ఆ రెండు నిమిషాల వీడియో చేసింది కూడా నేనే.

“ఆలోచన నీదే, కాదనను. మాట్లాడేది మాత్రం నేను. నువ్వు లాప్‌టాప్ నొక్కు,” అన్నాడు సుధన్వ. “ఒక్కటి గుర్తుపెట్టుకో. కొనేవాళ్ళ ముందు ‘లేదు’ అనే మాట రాకూడదు.”

“లేనిది అడిగితే?”

“ఉందనాలి. తర్వాత తెచ్చుకుంటాం.”

హోటల్లో మా వంతుకి నార్వే నుంచి వచ్చిన మార్గిట్ అనే ఆవిడ తగిలింది. పొద్దున్నుంచి విని విని కళ్ళు వాలిపోతున్నాయి. వీడియో చూసింది. దాలమ్మ పాదాలు, తెల్లటి మడి, ఆ గొంతు. కాస్త నిటారుగా కూర్చుంది.

“మా ప్రేక్షకులకి మీ వానలంటే ఇష్టం. వానలో ఈవిడ ఉప్పు తీయడం చూపించగలరా?”

“ఓ, తప్పకుండా,” అన్నాడు సుధన్వ. “వానలోనే అసలు అందం.”

“ప్రాణాపాయం ఏమైనా?”

“మొసళ్ళున్నాయండీ.”

నేను లాప్‌టాప్‌లో వీడియోని మళ్ళీ మొదటికి జరిపాను.

“ఇంగ్లీషులో మాట్లాడతారా?”

“షూటింగ్ నాటికి మాట్లాడేస్తారు.”

మార్గిట్ నోటుబుక్కు మూసింది. ఇంకా మూడు నిమిషాలుంది. మర్యాదకి కాబోలు, నా వైపు తిరిగింది. “మీరేమీ చెప్పరా?”

వెనకాల రాజుగారు వచ్చి నిలబడ్డారని సెంటు వాసనని బట్టి తెలిసింది.

“లేదండీ,” అన్నాను.

“చెప్పడానికేం లేదా?”

“వానలో ఉప్పు లేదండీ. వాన పడితే మడిలోదంతా కరిగిపోతుంది.”

సుధన్వ బల్లకింద నా కాలు తొక్కాడు.

“మొసలీ లేదు. ఇంగ్లీషూ లేదు. నేర్పిద్దామని వెళ్తే ఆవిడ మనకే పార చేతికిచ్చి మళ్ళోకి దింపుతుంది. నన్ను రెండు రోజులు దింపింది.”

“మరి ప్రమాదమే లేకపోతే జనం ఎందుకు చూస్తారు?”

“మొసలి ఒక్కరినే తింటుందండీ. మబ్బు ఊరంతటినీ తింటుంది.”

మార్గిట్ నన్నే చూసింది. తర్వాత పకపకా నవ్వింది. చుట్టుపక్కల బల్లలవాళ్ళు కూడా తిరిగి చూశారు. “ఈ రోజు పద్దెనిమిది మంది వచ్చారు. అందరి దగ్గరా అన్నీ ఉన్నాయి. లేదన్నది మీరొక్కరే,” అంటూ నోటుబుక్కు తెరిచి పెన్ను తీసింది. “ఆఖరి ప్రశ్న. ఈ గొంతు ఆవిడదేనా?”

“అవును,” అన్నాను.

గంట కొట్టారు.

రాజుగారు తన మెడలోని బ్యాడ్జీ తీసి ముత్యాలహారంలా నా మెడలో వేశారు. సుధన్వ ముఖం చూసి ఆయన నవ్విన నవ్వుకి కాఫీ తెచ్చినాయన కూడా నవ్వాడు. ట్రైపాడ్ ఆ సాయంత్రమే సుధన్వ భుజమెక్కింది. అప్పట్నుంచీ రాజుగారు వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపిస్తున్నారు. “మా అమ్మాయి లేదంటే లేదు, అవునంటే అవును.”

దాలమ్మ నాతో మాట్లాడింది, నిజమే. కెమెరా ఆపించి మరీ మాట్లాడింది.

“మాటలు ఎన్నయినా సెప్తాను గుంటా. గొంతు మాత్రం పెట్టిలో పెట్టకు. అప్పుడెప్పుడో టీవీవోలొచ్చి నా నోట్లో ఆల మాటలు పెట్టీసినారు. మా మళ్ళలో అందరూ నవ్వినారు.”

సరేనన్నాను. వాళ్ళు ఆవిడ నోట్లో తమ మాటలు పెట్టారు. నేను ఆవిడ మాటల్ని నా నోట్లో పెట్టుకున్నాను. ఇది వేరే సంగతని రెండు వారాలుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. లండన్లో కోర్సు చెయ్యకుండానే బాగా నేర్చుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి మార్గిట్ వాళ్ళ ఛానెల్‌తో సంతకాలు. కాగితాల్లో దాలమ్మ వేలిముద్రకి ఒక ఖాళీ వదిలారు. “తర్వాత తెచ్చుకుందాంలే,” అన్నారు రాజుగారు. అచ్చం సుధన్వ మాట.

ఇప్పుడు పదకొండయింది. ఈ వేళకి ఆవిడ మళ్ళలోంచి గట్టు మీదికొచ్చి గంజి తాగుతుంది, ఫోన్ కొంగుముడిలో ఉంటుంది. గొంతు సంగతి మొత్తం చెప్పి, కార్యక్రమం తియ్యమంటావా వద్దంటావా అని అడుగుతాను. వద్దంటే లేదే. అదే మాట మార్గిట్‌కి చెప్తాను. ఆవిడకి ‘లేదు’ అంటే ఇష్టం కదా.

బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టాను. ముందు దాలమ్మకి ఫోన్ చేస్తాను.