కరక్కాయ నీళ్ళ బొమ్మ

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే ఆ ఊరి అల్లుళ్ళు నొచ్చుకుంటారు గనక చెప్పను, గజసింగరాయుడనే రాజు ఉండేవాడు. ఆయనకు రాని విద్య లేదు. అన్నీ వేరేవాళ్ళు చేసేవారు, అంతే.

ఆయన కొలువులో చెంగమ్మ అనే బొమ్మలు గీసే మనిషి ఉండేది. వెదురు కలంతో గుడ్డ మీద గీతలు గీసి, రంగులు నింపేది. ఒకసారి పట్టపుటేనుగును గీసింది. తొండం మీది ఒక్కో ముడతకూ ఒక్కో గీత. వీపు మీద ఎర్రటి అంబారీ, దాని పైన నీలిరంగు గొడుగు. చూసినవాళ్ళకు ఆ చర్మం గరుగ్గా తగులుతుందేమోనని చెయ్యి ఊరుకునేది కాదు. మంత్రిగారు తాను రెండుసార్లు తడిమి చూసి, ఇక ఎవరూ ముట్టుకోరాదని ఆజ్ఞ వేశాడు.

బొమ్మ కింద చెంగమ్మ తన పేరు వేయబోతే రాజు వద్దన్నాడు. ఎందుకో ఆ వారంలోనే తెలిసింది. పొరుగు దేశాన్ని ఏలే మామగారు చుట్టపుచూపుగా వస్తే, ఆ ఏనుగును తానే గీశానని రాజు చెప్పేశాడు. పిల్లనిచ్చిన పదేళ్ళకు అల్లుడికి ఒక పని వచ్చని విన్న మామగారు పొంగిపోయి, రేపు సభలో తన కళ్ళముందే ఇంకొకటి గీయమన్నాడు.

రాజు చెంగమ్మను పిలిపించాడు. రేపు తన చేత ఎలాగైనా బొమ్మ గీయించాలనీ, పరువు పోయిందా, ఆమె ఈ రాజ్యంలో మళ్ళీ కలం పట్టకూడదనీ అన్నాడు.

"గీయిస్తాను దొరా. మరి ఏనుగు కింద నా పేరు?"

"ముందు రేపటి సంగతి చూడు."

చెంగమ్మ చూసింది. ఆమె వాడే సిరా అంటే తుప్పు మేకులూ బెల్లమూ ఇరవై రోజులు నానేసిన నీళ్ళు. కరక్కాయ రసం తగిలినచోటే అది నల్లబడుతుంది. అందుకే గుడ్డంతా ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి, ఆ తర్వాత సిరాతో గీస్తారు. చెంగమ్మ ఆ పద్ధతిని తిరగేసింది. ముతక గుడ్డ మీద కరక్కాయ నీళ్ళతోనే బొమ్మ గీసి ఆరబెట్టింది. ఆరాక కంటికి ఏమీ ఆనలేదు.

సిరా పూస్తే చాలు, బొమ్మ దానంతటదే తేలుతుందని రాజుకు చెప్పింది. ఏ బొమ్మ అని ఆయన అడగలేదు. అది పని చేసేవాళ్ళు అడిగే ప్రశ్న.

మర్నాడు సభలో రాజు మోచేతి దాకా కడియాలు వెనక్కి తోసుకుని, గుడ్డంతా సిరా పూశాడు. చీర చారలు తేలాయి. తర్వాత చెయ్యి, చేతిలో కలం. కూర్చుని గీస్తున్న చెంగమ్మ. ఆమె పక్కనే గొంతుక్కూర్చుని సిరాబుడ్డి పట్టుకున్న మనిషి. తల మీద కిరీటం, మెలేసిన మీసంలో ప్రతి వెంట్రుకా విడివిడిగా.

"అల్లుడుగారూ, ఈ బుడ్డి పట్టుకున్నది ఎవరు?" అన్నాడు మామగారు.

రాజు చెంగమ్మ వైపు చూశాడు.

"మా దొర నోటితో ఏమైనా చెప్పగలరు గానీ, చేత్తో అబద్ధం గీయలేరు స్వామీ," అంది చెంగమ్మ.

రాజు బొమ్మలోని మీసాన్ని చూసి, తన మీసాన్ని తడుముకుని, పకపకా నవ్వాడు. ఆయన నవ్వాక మంత్రిగారికీ నవ్వు వచ్చింది. అక్కడికక్కడే రాజు ఏనుగు కింద చెంగమ్మ పేరు వేయించి, ఆమె చేతికి బంగారు కడియం తొడిగించాడు. కొత్త బొమ్మకు ఆమె రంగులు నింపాక, దాన్ని సభలోనే వేలాడదీయించాడు.

ఆనాటి నుంచి ఏ అతిథి వచ్చినా రాజే స్వయంగా ఆ బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళేవాడు.

"గీతలు చెంగమ్మవే, కాదనను. కానీ బుడ్డిలోంచి ఒక్క చుక్కయినా ఒలికిందేమో చూడండి," అనేవాడు.