మగ్గమెక్కిన మిరియం

అనగనగా ఒక నేతవారి ఊరు. ఆ ఊళ్లో తెల్లవారితే కోడికూతకన్నా ముందు మగ్గాల చప్పుడే వినబడేది. టకటక, టకటక!

ఆ ఊళ్లో భావనయ్య అనే నేతగాడు, అతని భార్య భద్రమ్మ ఉండేవారు. ఆయన బట్ట నేసేవాడు. ఆవిడ నూలుకు గంజి పెట్టేది, ఆ నూలును కండెలుగా చుట్టేది. గంజి వాసన తగిలితే ఎలుకలు ఊరుకుంటాయా? దండు కట్టి వచ్చేవి! అందుకే ఆ ఇంట్లో నాలుగు పిల్లులుండేవి. తెల్లగా బొద్దుగా ఉండేది మీగడ. పచ్చనిది పసుపు. బూడిద రంగుది బూడిద. ఇక నల్లగా, చిన్నగా, క్షణం కుదురు లేకుండా తిరిగేది మిరియం. పేరుకు తగ్గ ఘాటు దానిది!

ఆ ఇంట్లో భద్రమ్మ అత్తగారి నాటి నుంచి ఒక ఆచారం. ఒక ఇంటివాళ్లంతా ఒకచోటే తినాలి. పిల్లులైనా సరే! మగ్గానికీ గోడకూ మధ్య ఒక ఇరుకు సందు. ఆ సందు చివర పెద్ద మూకుడు. అందులోనే నాలుగింటికీ పాలన్నం.

ఇంకో మాట. ఆ రోజుల్లో జంతువులకు మాటలొచ్చేవి. కానీ వాటిదొక పట్టుదల. మనంతట మనం అడిగితే తప్ప నోరు విప్పేవి కావు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఒకనాడు రాజభటుడు గుర్రం మీద వచ్చాడు. గుర్రం ఊరికే తన్నుతోంది, గింజుకుంటోంది. భటుడు దాన్ని చెళ్లున కొరడాతో కొట్టి కిందికి దూకాడు.

"ఓయ్ భావనయ్యా! రాకుమారి పెళ్లికి మధుపర్కాలు నువ్వే నేయాలని రాజుగారి ఆజ్ఞ. పున్నమికల్లా సిద్ధం కావాలి. ఎక్కడైనా పోగు తెగిన జాడ కనబడిందో, నీ మగ్గం ఊడదీసుకు పోతాం!"

భద్రమ్మకు సంతోషంతో కళ్లు మెరిశాయి. ఆ వెంటనే భయంగా మగ్గం వంక చూసింది. మగ్గం పోతే నేతగాడికి ఇంకేం మిగులుతుంది?

సన్నని తెల్లనూలు తెచ్చి, మగ్గం మీద నిలువుపోగుల పడుగు సాగదీశారు. భావనయ్య ఇలా కూర్చున్నాడో లేదో, మిరియం ఎగిరి మీగడ మీద పడింది! మీగడ మగ్గం కిందికి దూరింది. మిరియం పడుగు మీదికే దూకింది. టప్! టప్! టప్! పోగులు తెగిపోయాయి.

"నా కొంప ముంచావు కదే!" అంటూ భద్రమ్మ చీపురు ఎత్తింది. మిరియం ఒక్క ఉరుకున దూలమెక్కి కూర్చుంది.

మర్నాడు చూస్తే కండెల బుట్టంతా తడి. ఒకటే కంపు! "ఛీ ఛీ! దొడ్డి ఉంది కదే!" అని భద్రమ్మ దాన్ని గంప కింద మూసేసింది. గంప కింద నుంచి అది మ్యావుమంటూనే ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది.

గంప తీయగానే ఏం చేసిందనుకున్నారు? తిన్నగా పోయి పసుపు చెవి కొరికింది! రెండూ పొర్లాడి గంజి కుండను దొర్లించాయి. ఇల్లంతా గంజి మడుగు. ఆ గోలలో మీగడ మాత్రం గోడవార కూర్చుని మీసాలు తుడుచుకుంటోంది.

"చూశావా మీగడను? కదలదు, మెదలదు, బంగారుతల్లి!" అన్నాడు భావనయ్య. "ఈ మిరియం ఉంటే నా మగ్గం దక్కదు భద్రా. ఏరు దాటించి వదిలేసి వస్తాను."

భద్రమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. పాలలో దూది ముంచి నోట్లో పిండి పెంచిన పిల్లి అది. అయినా మగ్గం మాట తలుచుకుని, "కానీవయ్యా" అంది. ఆయన మిరియాన్ని గోనెసంచిలో వేసుకుని రేవుకు బయల్దేరాడు.

భద్రమ్మ మూకుట్లో పాలన్నం పోసి, పడుగు కింద ఇంకెక్కడైనా పోగు తెగిందేమో చూద్దామని నేతగాడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి దిగింది. ఎన్నడూ ఆవిడ గుంటలోంచి ఇల్లు చూసింది లేదు. అక్కణ్నుంచి సందు మొత్తం కళ్లకు కట్టినట్టు కనబడింది.

సందు మొదట్లో మీగడ అడ్డంగా కూర్చుని ఉంది. తినదు, లేవదు. పసుపు వచ్చింది. మీగడ ఊరికే దాని వంక చూసింది. అంతే! పసుపు వెనక్కి తగ్గింది. మళ్లీ వచ్చింది. మీగడ మళ్లీ చూసింది. మూడోసారి పసుపు బుస్సుమని మీగడ మీదికి ఉరికి, అట్నుంచి పడుగు మీదికి దూకింది. టప్! భద్రమ్మ నెత్తి మీదే పోగు తెగింది.

"అయ్యో రామ! మిరియం ఇంట్లో లేదే! మరి ఇప్పుడెవరిని సంచిలో వేయాలి?"

ఇక చూడండి, భద్రమ్మ గుంటలోంచి ఒక్క గెంతు గెంతి, కొంగు నడుముకు బిగించి, పరుగో పరుగు! రేవులో భావనయ్య ఎక్కిన గుండ్రటి పుట్టి పడవ కదలబోతోంది.

"ఆగవయ్యా! ఓ పుట్టిబాబూ, ఆపు ఆపు!"

నీళ్లలోకి దిగి పుట్టిని పట్టుకుని, సంచి మూతి విప్పింది. "ఎందుకిలా చేస్తున్నావే మిరియం? నీకేం కష్టమొచ్చింది తల్లీ?"

"అమ్మయ్య! ఇన్నాళ్లకు అడిగావా?" అంది మిరియం. భావనయ్య నోరు వెళ్లబెట్టాడు.

"ఆకలమ్మా నాకు! మూకుడు దగ్గరికి సందులోంచే పోవాలి. దొడ్లోకీ అట్నుంచే పోవాలి. అక్కడేమో మీగడ. అరవదు, కరవదు, చూస్తుందంతే. ఆ చూపుకు నా కాళ్లాడవు. ఆకలికి తట్టుకోలేక దాని మీద దూకాను. ఆపుకోలేక బుట్ట తడిపాను. కోపం పట్టలేక పసుపు చెవి కొరికాను." అని సిగ్గుతో తల వంచుకుంది.

"ఎంత పని చేశామే భద్రా!" అన్నాడు భావనయ్య.

ఇంటికొచ్చి మీగడనూ అడిగారు. ముద్దుగుమ్మ కూడా కంటతడి పెట్టింది. "మూకుడు ఒక్కటే, సందు ఒక్కటే. నేను లేస్తే నా చోటు పోతుందని నా భయం నాది."

భద్రమ్మ ఎవరినీ కొట్టలేదు. ఆచారాన్నే మార్చింది. ఇంటి నాలుగు మూలలా నాలుగు చిన్న మూకుళ్లు పెట్టింది. దొడ్లోకి ఇంకో దారి తీయించింది. మిరియానికి దాని మూలలోనే, ఎక్కి కూర్చునేందుకు పైన ఒక చెక్క కొట్టించింది. ఇక ఆ ఇంట్లో కొట్లాటల్లేవు. భద్రమ్మ తెగిన పోగులన్నీ జాడ తెలియకుండా అతికింది. టకటక, టకటక, మగ్గం మళ్లీ పాట అందుకుంది.

పున్నమి దగ్గరపడింది. గంజి వాసన పట్టి ఎలుకల దండు వచ్చింది! ఇదివరకు పిల్లులన్నీ సందు చుట్టే మూగేవి, మిగతా మూలలు ఎలుకలవే. ఇప్పుడో? ఒక మూల బూడిద, ఒక మూల పసుపు, ఒక మూల మీగడ! నాలుగో మూల ఖాళీగా ఉందనుకుని పెద్దెలుక మధుపర్కాల వైపు ఉరికింది. పైచెక్క మీద నుంచి మిరియం దూకింది చూడండి! ఈ చివర నుంచి ఆ చివరకు, పడుగు మీదుగా, ఒక్క పోగు కూడా కదలకుండా పోయి పెద్దెలుకను పట్టేసింది! "శెభాష్ మిరియం!" అని భావనయ్య చప్పట్లు కొట్టాడు.

పున్నమినాడు భటుడు వచ్చి మధుపర్కాలను ఎండకు పట్టి చూశాడు. ఎక్కడా వంక లేదు. నాలుగు మూకుళ్ల కథంతా విని పకపకా నవ్వాడు. బట్ట చంకన పెట్టుకుని గుర్రమెక్కబోయాడు. గుర్రం ఎగిరి తన్నింది. భటుడు కొరడా ఎత్తాడు.

"అయ్యా, దాన్ని ఎప్పుడైనా అడిగారా?" అంది భద్రమ్మ.

భటుడి చెయ్యి ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, గుర్రం చెవి దగ్గర వంగి, "ఏమైందే నీకు?" అన్నాడు.

"జీను కింద ముల్లుందయ్యా," అంది గుర్రం.

కాబట్టి పిల్లలూ, అల్లరి చేసినవారి మీద చెయ్యెత్తే ముందు, వారి కష్టమేమిటో అడిగి తెలుసుకోవాలి.